ఆయారాం గయారాం

పార్టీలు మారే చట్టసభ సభ్యులను ఎద్దేవా చేయడానికి వాడే హిందీ నానుడి. 1967లో హరియాణాకు చెందిన గయా లాల్ అనే శాసనసభ్యుడిని ఉద్దేశించి చండీగఢ్‌లో విసిరిన ఒక చమత్కారం నుంచి పుట్టింది. కొద్దికాలంలోనే పార్లమెంటు చర్చల్లోకి ఎక్కింది. తెలుగు పత్రికలు దీన్ని అనువదించే పని పెట్టుకోలేదు. ఉన్నదున్నట్టు తెచ్చుకుని, పైగా 'ఆయారాంలు, గయారాంలు' అని బహువచనం కూడా తగిలించాయి.

నానుడులకు మామూలుగా తల్లీతండ్రీ ఉండరు. ఎవరన్నారో, ఎప్పుడన్నారో తేలదు. దీనికి మాత్రం ఊరూ పేరూ ఉన్నాయి. అన్నదెవరో, ఎవరినన్నారో, ఏ సందర్భంలో అన్నారో తెలుసు. ఇంత తెలిసినా, ప్రచారంలో ఉన్న కథ సగం తలకిందులుగానే సాగుతోంది. ఆ నిందను మోస్తున్న మనిషి ఆనాటి వ్యవహారంలో అందరికంటే చిన్నవాడు. పెద్దవాళ్లు ముఖ్యమంత్రులయ్యారు.

81 మంది సభ

పంజాబ్‌ను భాష ప్రాతిపదికన విడదీసినప్పుడు 1966 నవంబరు 1న హరియాణా ఏర్పడింది. తొలి ముఖ్యమంత్రి కాంగ్రెస్ నాయకుడు భగవత్ దయాళ్ శర్మ. నాలుగు నెలలు తిరక్కుండానే నాలుగో సాధారణ ఎన్నికలు వచ్చాయి. 81 స్థానాల సభలో కాంగ్రెస్‌కు 48, జనసంఘ్‌కు 12, స్వతంత్ర పార్టీకి 3, రిపబ్లికన్ పార్టీకి 2 దక్కాయి. మిగిలిన 16 మంది ఇండిపెండెంట్లు. మెజారిటీకి 41 మంది చాలు కాబట్టి కాంగ్రెస్‌కు ఏడుగురు ఎక్కువే ఉన్నారు. కాగితం మీద ఇబ్బందేమీ లేదు.

శర్మ 1967 మార్చి 10న మళ్లీ ప్రమాణం చేశారు. వారం గడిచేసరికి స్పీకర్ ఎన్నిక వచ్చింది. ముఖ్యమంత్రి నిలబెట్టిన అభ్యర్థి ఓడిపోయి, అదే కాంగ్రెస్‌కు చెందిన రావ్ బీరేందర్ సింగ్ గెలిచారు. బీరేందర్ సింగ్ రేవాడీ ప్రాంతపు అహీర్ నాయకుడు. 1857లో బ్రిటిషువారితో తలపడ్డ రావ్ తులారాం వంశంవాడు. శర్మ వర్గానికీ ఆయనకూ పడేది కాదు. స్పీకర్ ఎన్నికతో ప్రభుత్వం బలహీనత బయటపడగానే 12 మంది కాంగ్రెస్ సభ్యులు బయటికొచ్చి 'హరియాణా కాంగ్రెస్' పెట్టుకున్నారు. ఇండిపెండెంట్లు ఒక గుంపు కట్టారు. ప్రతిపక్షాలు తోడయ్యాయి. అందరూ కలిసి సంయుక్త ఫ్రంట్ అని పేరు పెట్టుకుని బీరేందర్ సింగ్‌ను నాయకుడిగా ఎన్నుకున్నారు. మార్చి 24న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. ఫిరాయించినవారి మీద తీర్పు చెప్పే అధికారం ఇవాళ స్పీకర్ చేతిలో ఉంది. హరియాణా తొలి ఫిరాయింపు ప్రభుత్వానికి మెట్టు అయింది కూడా ఆ స్పీకర్ కుర్చీయే.

అలా వచ్చిన ప్రభుత్వం అలాగే ఊగింది. మంత్రి పదవి దొరకనివాడు అటు వెళ్లేవాడు. దొరుకుతుందని కబురొస్తే ఇటు వచ్చేవాడు. ఒకరిద్దరు జారినా ప్రభుత్వం పోయే పరిస్థితిలో ప్రతి సభ్యుడికీ బేరమాడే బలం వచ్చింది.

గయా లాల్

ఢిల్లీ నుంచి మథురకు వెళ్లే దారిలో, ఉత్తరప్రదేశ్ సరిహద్దుకు ఆనుకుని హోడల్, హసన్‌పూర్ ప్రాంతాలున్నాయి. హసన్‌పూర్ అప్పట్లో ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. 1967లో అక్కడ నెగ్గిన గయా లాల్ ఏ పార్టీ టికెట్టూ లేని ఇండిపెండెంటు. కథల్లో ఆయన్ను చాలాసార్లు 'కాంగ్రెస్ ఎమ్మెల్యే' అని రాస్తుంటారు గానీ ఎన్నికల రికార్డుల్లో మాత్రం స్వతంత్రుడే.

ఎన్నికయ్యాక కాంగ్రెస్‌లో చేరి, అక్కడి నుంచి సంయుక్త ఫ్రంట్‌కు వెళ్లి, మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చి, తిరిగి ఫ్రంట్‌కు చేరారు. ఇదంతా పక్షం రోజుల్లో ముగిసిందని చెబుతారు. చివరి రెండు గెంతుల మధ్య తొమ్మిది గంటలే తేడా అని కూడా చెబుతారు. ఆ చివరి రాక తర్వాత రావ్ బీరేందర్ సింగ్ ఆయన్ను వెంటబెట్టుకుని చండీగఢ్‌లో విలేకరుల ముందు కూర్చోబెట్టారు. వెళ్లిన గయారాం ఇప్పుడు ఆయారాం అయ్యాడని ప్రకటించారు.

ఈ చమత్కారానికి బలం పేరులోనే ఉంది. మనవైపు తిరుపతయ్య, శ్రీశైలం, యాదగిరి అని పెట్టుకున్నట్టే ఉత్తరాదిలో గయ క్షేత్రం పేరు మీద గయా ప్రసాద్, గయా లాల్ అని పిల్లలకు పేర్లు పెడతారు. హిందీలో 'గయా' అంటే వెళ్లాడని కూడా అర్థం, 'ఆయా' అంటే వచ్చాడని. మనిషి పేరులోనే వెళ్లిపోవడం ఉంది కాబట్టి, తిరిగొస్తే పేరు మార్చాలన్నది బీరేందర్ సింగ్ వేసిన పంచ్. 'లాల్' తీసి 'రాం' పెట్టడంతో ఆ మాట ఒక వ్యక్తి నుంచి విడిపోయి ఎవరికైనా తగిలించగల బిరుదైంది. నిజానికి ఆయారాం అనే మనిషి ఎన్నడూ లేడు. గయారాం కూడా లేడు. ఉన్నది గయా లాల్ ఒక్కడే.

ప్రచారంలోని మెలిక ఇక్కడే ఉంది. 'కాంగ్రెస్ నేత బీరేందర్ సింగ్ గయా లాల్‌ను కాంగ్రెస్‌లోకి రప్పించి ఈ మాట అన్నారు' అని లెక్కలేనన్ని వ్యాసాల్లో కనిపిస్తుంది. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాసుకుంటూ పోయిన వాక్యం అది. 1967 మార్చి నుంచి బీరేందర్ సింగ్ కాంగ్రెస్‌లో లేరు, కాంగ్రెస్‌ను దించి ముఖ్యమంత్రి అయినవారాయన. కాబట్టి ఆయన విజయగర్వంతో చూపించుకున్న రాక ఫ్రంట్‌లోకి వచ్చిన రాకే అయి ఉండాలి. ఇది చిన్న సవరణే అయినా దీనివల్ల మాట రుచి మారుతుంది. 'ఆయారాం' అన్నది తిట్టు కాదు, స్వాగతం. పోయిన సభ్యుడు దొరికాడన్న సంబరంతో ముఖ్యమంత్రి స్థాయి మనిషి వేసిన జోక్ అది. తిట్టుగా మారింది ఢిల్లీ చేరాక.

ఆ మాట అన్న మనిషి ప్రయాణమూ తక్కువదేం కాదు. బీరేందర్ సింగ్ తర్వాత విశాల్ హరియాణా పార్టీ స్థాపించి, 1978లో దాన్ని కాంగ్రెస్‌లో కలిపి, 1980లో ఇందిరా గాంధీ మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రిగా పనిచేశారు. 1989లో జనతాదళ్ తరఫున లోక్‌సభకు గెలిచారు. ఈ రాకపోకలకు ఎవరూ నానుడి కట్టలేదు.

గయా లాల్ మాత్రం ఆ పేరు మోస్తూనే రాజకీయాల్లో కొనసాగారు. 1972లో ఆర్యసభ తరఫున పోటీ చేశారు. ఆ తర్వాత చరణ్ సింగ్ నాయకత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో చేరి, 1977లో జనతా పార్టీ అభ్యర్థిగా అదే హసన్‌పూర్ నుంచి మళ్లీ గెలిచారు. ఊరంతా నవ్విన మనిషిని ఓటర్లు తిరిగి పంపారంటే, చండీగఢ్ జోక్‌కు హసన్‌పూర్‌లో అంత విలువ లేదనుకోవాలి. ఆయన కుమారుడు ఉదయ్ భాన్ లోక్‌దళ్ నుంచీ, ఇండిపెండెంటుగానూ, కాంగ్రెస్ నుంచీ శాసనసభకు ఎన్నికై, 2022లో హరియాణా కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత హసన్‌పూర్ స్థానం హోడల్ అయింది.

ఆ ఏడాది దేశం

గయా లాల్ ఉదంతం ఒక్కటే జరిగి ఉంటే అది హరియాణా దాటేది కాదు. 1967లో దేశమంతా అదే తంతు. అమృత్‌సర్ నుంచి హౌరా దాకా కాంగ్రెస్ పాలనలోని రాష్ట్రంలో అడుగు పెట్టకుండా వెళ్లొచ్చని అప్పట్లో చెప్పుకునేవారు. ఆ దారిలోని ప్రభుత్వాలు దాదాపు అన్నీ ఎవరో ఒకరు గోడ దూకడం వల్ల లేచినవో పడినవో.

ఉత్తరప్రదేశ్‌లో చరణ్ సింగ్ తన అనుచరులతో కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి అయ్యారు. మధ్యప్రదేశ్‌లో గోవింద్ నారాయణ్ సింగ్ మూడు డజన్ల మందితో కాంగ్రెస్‌ను చీల్చి, ద్వారకా ప్రసాద్ మిశ్రాను దించి, జూలైలో ముఖ్యమంత్రి అయ్యారు. నవంబరులో పశ్చిమ బెంగాల్‌లో ప్రఫుల్ల చంద్ర ఘోష్, పంజాబ్‌లో లఛ్‌మన్ సింగ్ గిల్ తమ తమ కూటములను వదిలి ముఖ్యమంత్రులయ్యారు. 1968 ఫిబ్రవరిలో బిహార్‌లో బి.పి. మండల్‌ది అదే కథ. బీరేందర్ సింగ్‌ను కలుపుకుంటే ఆరుగురు. ఏడాది వ్యవధిలో ఆరు రాష్ట్రాల్లో, పక్షం మారినందుకు దక్కిన ప్రతిఫలం ముఖ్యమంత్రి కుర్చీ. ఇంత జరుగుతుంటే జనం నోట్లో నిలిచిన పేరు మంత్రి కూడా కాని ఒక దళిత ఇండిపెండెంటుది.

హరియాణాలో ఫ్రంట్ ప్రభుత్వం ఎనిమిది నెలలు నడిచింది. ఫిరాయింపులతో సభ నవ్వులపాలైందని గవర్నర్ బి.ఎన్. చక్రవర్తి నివేదించడంతో 1967 నవంబరు 21న రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ ఫిరాయింపుల గురించి కేంద్ర హోంమంత్రి యశ్వంత్‌రావ్ చవాన్ పార్లమెంటులో మాట్లాడుతూ 'ఆయారాం, గయారాం' అన్నారు. విలేకరుల సమావేశంలో పేలిన జోక్‌కు హోంమంత్రి నోటితో జాతీయ స్థాయి వచ్చింది. రాష్ట్రాల పేపర్లన్నీ ఆ మాటను అందుకున్నది అక్కడి నుంచే.

నంద్యాల సభ్యుడి తీర్మానం

ఈ కథలో తెలుగువారి పాత్ర ఒకటి ఉంది. ఎందుకో మన దగ్గర దాన్ని పెద్దగా గుర్తు చేసుకోరు. ఫిరాయింపులను అరికట్టే మార్గం సూచించడానికి ఉన్నత స్థాయి కమిటీ వేయాలని 1967 ఆగస్టులో లోక్‌సభలో తీర్మానం పెట్టింది నంద్యాల కాంగ్రెస్ సభ్యుడు పెండేకంటి వెంకటసుబ్బయ్య. డిసెంబరు 8న సభ దాన్ని ఆమోదించింది. చవాన్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. జయప్రకాశ్ నారాయణ్, హృదయనాథ్ కుంజ్రూ, న్యాయవాది ఎం.సి. సెతల్వాడ్ వంటివారు అందులో సభ్యులు.

1969లో వచ్చిన ఆ కమిటీ నివేదికలోని అంకెలను ఇవాళ్టికీ ఎవరూ తోసిపుచ్చలేరు. మొదటి సాధారణ ఎన్నికల నుంచి నాలుగో ఎన్నికల దాకా జరిగిన ఫిరాయింపులు మొత్తం 542. 1967 మార్చి నుంచి ఒక్క ఏడాదిలో జరిగినవి 438. గెలిచిన 376 మంది ఇండిపెండెంట్లలో 157 మంది ఏదో ఒక పార్టీలో చేరిపోయారు. అన్నిటికంటే గట్టి లెక్క మరొకటి. వివిధ రాష్ట్రాల్లో ఫిరాయించిన 210 మందిని పరిశీలిస్తే, వారి సాయంతో ఏర్పడ్డ ప్రభుత్వాల్లో 116 మంది మంత్రులయ్యారు. సగానికి పైనే. సిద్ధాంతం, ఆత్మప్రబోధం, నియోజకవర్గ అభివృద్ధి అని ఎవరేం చెప్పినా, ఫిరాయించినవాడికి ఏం దొరికిందో ఆ ఒక్క అంకె చెబుతుంది.

అందుకే కమిటీ రోగాన్ని పదవి దగ్గరే పట్టుకోవాలంది. ఫిరాయించినవారిని ఏడాది పాటు గానీ, తిరిగి ఎన్నికయ్యేదాకా గానీ మంత్రిని చేయకూడదని, మంత్రివర్గం పరిమాణానికి హద్దు పెట్టాలని సూచించింది. ఇస్తామని ఆశ చూపే పదవులకే కోత పెడితే కొనేవాడి చేతిలో సరుకు ఉండదు. వినడానికి తేలికైన ఈ సూచన రాజ్యాంగంలోకి ఎక్కడానికి 34 ఏళ్లు పట్టింది.

మంత్రివర్గం మొత్తం

హరియాణా మాత్రం తన పేరు నిలబెట్టుకుంటూనే వచ్చింది. 1979లో దేవీలాల్‌ను దించి జనతా పార్టీ ముఖ్యమంత్రి అయిన భజన్ లాల్, 1980 జనవరిలో ఇందిరా గాంధీ ఢిల్లీలో మళ్లీ అధికారంలోకి రాగానే తన మంత్రులు, ఎమ్మెల్యేలతో సహా కాంగ్రెస్‌లోకి వెళ్లారు. ముఖ్యమంత్రి మారలేదు, మంత్రులు మారలేదు, సచివాలయంలో కుర్చీలు మారలేదు. పాలిస్తున్న పార్టీ ఒక్కటే మారింది. గయా లాల్‌ది చిల్లర వ్యాపారమైతే ఇది టోకు.

1982 ఎన్నికల్లో 90 స్థానాల సభలో ఎవరికీ మెజారిటీ రాలేదు. కాంగ్రెస్‌కు 36, దేవీలాల్ నాయకత్వంలోని లోక్‌దళ్, బీజేపీ కూటమికి 37 వచ్చాయి. గవర్నర్ జి.డి. తపాసే మాత్రం భజన్ లాల్‌ను పిలిచి ప్రమాణం చేయించారు. ఆ కోపంలో రాజ్‌భవన్‌లో దేవీలాల్ గవర్నర్ గడ్డం పట్టుకున్న ఘటన అప్పట్లో సంచలనమైంది. తన ఎమ్మెల్యేలు జారిపోకుండా దేవీలాల్ వాళ్లను హోటల్లో దాచారని, ఒకాయన నీళ్ల గొట్టం పట్టుకుని జారి పారిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎమ్మెల్యేలను మూట కట్టి రిసార్టుకు తరలించే ఆచారం గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ గొట్టం కథ రాక తప్పదు.

చట్టం, దాని కంతలు

ఫిరాయింపుల నిషేధానికి 1973లో ఒక బిల్లు వచ్చి సభ రద్దుతో మురిగిపోయింది. 1978లో జనతా ప్రభుత్వం ఇంకో బిల్లు తెస్తే, ప్రవేశపెట్టే దశలోనే సొంత పార్టీ సభ్యులు కూడా అడ్డం తిరగడంతో వెనక్కి తీసుకున్నారు. 1984 ఎన్నికల్లో 400కు పైగా స్థానాలతో వచ్చిన రాజీవ్ గాంధీకి ఎవరి ఫిరాయింపూ అవసరం లేదు, ఎవరి ఫిరాయింపు భయమూ లేదు. 1985 జనవరి నెలాఖరులో రెండు రోజుల్లో రెండు సభలూ 52వ రాజ్యాంగ సవరణను ఆమోదించాయి. మార్చి 1 నుంచి రాజ్యాంగానికి పదో షెడ్యూలు వచ్చి చేరింది.

ఆ షెడ్యూలు ప్రకారం పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌కు వ్యతిరేకంగా ఓటేసి 15 రోజుల్లో పార్టీ మన్నింపు పొందకపోయినా పదవి పోతుంది. ఇండిపెండెంటుగా గెలిచినవారు ఎన్నిక తర్వాత ఏ పార్టీలో చేరినా అంతే. అంటే ఈ చట్టం 1967లో ఉండి ఉంటే గయా లాల్ కథ మొదటి గెంతుతోనే ముగిసేది. ఆయారాం అయ్యే అవకాశమే వచ్చేది కాదు.

చట్టంలోనే రెండు తలుపులు తెరిచి ఉంచారు. శాసనసభా పక్షంలో మూడో వంతు మంది బయటికొస్తే అది 'చీలిక', మూడింట రెండొంతుల మంది వేరే పార్టీలో కలిస్తే అది 'విలీనం'. రెండూ ఫిరాయింపు కిందికి రావు. ఒకడు దూకితే నేరం, గుంపుగా దూకితే ధర్మం అని అప్పుడే విమర్శ వచ్చింది. 2003లో 91వ సవరణ చీలిక తలుపు మూసింది. ఆ సవరణే మంత్రుల సంఖ్యను సభలో 15 శాతానికి పరిమితం చేసి, అనర్హత వేటు పడినవారు తిరిగి ఎన్నికయ్యేదాకా మంత్రి కాకూడదంది. చవాన్ కమిటీ మాట అన్నాళ్లకు నెగ్గింది. విలీనం తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంది.

మరో కంత స్పీకర్ కుర్చీ. అనర్హత తేల్చాల్సింది ఆయనే. ఆయనేమో అధికార పక్షం సభ్యుడు. స్పీకర్ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చని 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ నిర్ణయమే చెప్పకుండా పిటిషన్‌ను అటక మీద పెడితే సమీక్షించడానికి ఏముంటుంది? గడువు గురించి చట్టంలో ఒక్క ముక్క లేదు. 2020లో మణిపూర్ కేసులో మూడు నెలలు తగిన గడువని కోర్టు అంది.

ఈ చట్టం కింద వేటు పడ్డ తొలి ఎంపీ మిజోరంకు చెందిన లాల్‌దుహోమా. 1988లో లోక్‌సభ సభ్యత్వం పోయింది. 2020లో శాసనసభ్యత్వం కూడా ఇదే చట్టం కింద పోయింది. 2023లో ఆయన మిజోరం ముఖ్యమంత్రి అయ్యారు.

గోవాలో 2022 ఎన్నికల ముందు కాంగ్రెస్ తన అభ్యర్థులను గుడికీ, చర్చికీ, దర్గాకూ తీసుకెళ్లి, గెలిచాక పార్టీ మారబోమని ప్రమాణం చేయించింది. 11 మంది గెలిచారు. అదే ఏడాది సెప్టెంబరులో ఎనిమిది మంది బీజేపీలో చేరారు. 11లో మూడింట రెండొంతులంటే కనీసం ఎనిమిది. సరిగ్గా సరిపోయింది.

తెలుగు నేల మీద

మాట పుట్టకముందే మన దగ్గర పని జరిగింది. 1952లో ఉమ్మడి మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు వచ్చినవి 152. అయినా రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు, ఇతర పక్షాల నుంచి వచ్చినవారి బలంతో నిలబడ్డారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, ప్రజా సోషలిస్టు పార్టీ నాయకుడిగా ఉన్న టంగుటూరి ప్రకాశం ఆ పార్టీని వదిలి కాంగ్రెస్ మద్దతుతో తొలి ముఖ్యమంత్రి అయ్యారు. భారత ఫిరాయింపుల చరిత్ర రాసినవారు తొలి ఉదాహరణల్లో దీన్ని చేరుస్తారు. తుపాకికి గుండె చూపిన ప్రకాశం పంతులును ఆ జాబితాలో చూడటం తెలుగువాడికి కష్టమే గానీ జరిగింది జరిగింది. ఆ ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం వివాదం మీద ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావును తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే వచ్చిన ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో రాష్ట్రపతి ముందుకు తన ఎమ్మెల్యేలను తీసుకెళ్లారు. వాళ్లను మొదట నాచారంలోని రామకృష్ణా స్టూడియోలో, తర్వాత కర్ణాటకలో కాపాడుకున్నారు. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. క్యాంపు రాజకీయం అనే మాట తెలుగు ఇళ్లలోకి వచ్చింది ఆ నెలలోనే. 1995 ఆగస్టులో ఎన్టీఆర్ పార్టీ తెలుగుదేశంలో జరిగిన అధికార మార్పిడితో హైదరాబాద్‌లోని వైస్రాయ్ హోటల్ పేరు కూడా ఒక రాజకీయ పదమైంది.

రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ ఈ విద్యలో ఆరితేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2014, 2019 ఎన్నికల మధ్య వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. 2019లో తెలుగుదేశానికి వచ్చిన స్థానాలు కూడా 23. ఆ అంకెను ఎదుటి పక్షం ఎన్నేళ్లు వాడుకుందో పాఠకులకు చెప్పనక్కర్లేదు. అదే ఏడాది జూన్‌లో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో విలీనమయ్యారు.

తెలంగాణ ఉదాహరణ ఇంకా సున్నితమైనది. 2018 డిసెంబరులో కాంగ్రెస్ తరఫున 19 మంది గెలిచారు. 19లో మూడింట రెండొంతులంటే 13 మంది కావాలి. 2019లో ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి శాసనసభకు రాజీనామా చేశారు. సంఖ్య 18కి దిగింది, కావలసినవారు 12కు తగ్గారు. ఒక్కొక్కరుగా అప్పటి అధికార పక్షం (ఇప్పటి బీఆర్ఎస్) వైపు మళ్లినవారు 12 అయిన రోజున, జూన్ 6న, స్పీకర్ విలీనాన్ని గుర్తించారు. సొంత పార్టీ నాయకుడి గెలుపే ఆ పార్టీ చీలడానికి ఒక మెట్టు తగ్గించింది.

2023 ఎన్నికల తర్వాత గాలి ఎదురు తిరిగింది. బీఆర్ఎస్ నుంచి పది మంది ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు మళ్లారని పిటిషన్లు పడ్డాయి. మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌ను ఆదేశించింది.

ఇలాంటి కేసుల్లో వాదమంతా చివరికి ఒక గుడ్డముక్క చుట్టూ తిరుగుతుంది. చేరిక రోజున ముఖ్యమంత్రో, పార్టీ అధ్యక్షుడో ఎమ్మెల్యే మెడలో కండువా వేస్తారు. ఫొటో మర్నాడు పేపర్లో పడుతుంది. నోటీసు రాగానే, మర్యాదపూర్వకంగా కలిశాననీ, నియోజకవర్గం పనుల మీద వెళ్లాననీ సమాధానం వస్తుంది. రాజీనామా పత్రం లేకపోయినా నడవడికను బట్టి పార్టీని వదిలినట్టు భావించవచ్చని 1994లో గోవా కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది కాబట్టి, ఆ ఫొటోకు, ఆ కండువా రంగుకు అంత విలువ వచ్చింది.

వాడుక

తెలుగులో ఈ నానుడి కంటే ముందే గోడ మీద పిల్లి ఉంది, కప్పల తక్కెడ ఉంది. మొదటిది ఎటూ తేల్చుకోని మనిషికి, రెండోది నిలవని కూటమికి. దూకేసినవాడికి మాట లేకపోయింది. ఆయారాం గయారాం ఆ ఖాళీలో కుదురుకుంది. 1970, 80ల సంపాదకీయాల్లో కొత్త రుచితో కనిపించిన ఈ మాట ఇప్పుడు కొంత పాతబడింది. టీవీ చర్చల్లో, సోషల్ మీడియాలో దాని చోటును 'జంప్ జిలానీ' ఆక్రమించింది. 2014లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. కండువా మార్చాడు, సొంతగూటికి చేరాడు, కారెక్కాడు, సైకిలెక్కాడు, కమలం గూటికి వెళ్లాడు అని ఎన్నికల గుర్తులతో అల్లుకున్న మాటలకైతే లెక్కే లేదు.

హిందీ నానుడి వచ్చేవాణ్నీ, పోయేవాణ్నీ మాత్రమే చూస్తుంది. పిలిచేవాడికి, గేటు తీసి పట్టుకునేవాడికి అందులో పేరు లేదు. చండీగఢ్‌లో ఆ మాట అన్నది ఆ గేటు దగ్గర నిలబడ్డ మనిషే మరి. మన విలేకరులు ఆ కొరత తీర్చడానికి 'ఆపరేషన్ ఆకర్ష్' అని పెట్టుకున్నారు. కర్ణాటకలో 2008 నుంచి అదే పనికి 'ఆపరేషన్ కమల' అని పేరుంది. ఆ పద్ధతిలో ఎమ్మెల్యే పార్టీ మారినట్టే ఉండదు. పదవికి రాజీనామా చేస్తాడు, సభ బలం తగ్గి మెజారిటీ గీత కిందికి దిగుతుంది, ఉప ఎన్నికలో కొత్త గుర్తు మీద అతనే నిలబడతాడు. 2019లో అలా 17 మంది వెళ్లడంతో అక్కడి కూటమి ప్రభుత్వం కూలింది. స్పీకర్ వాళ్ల మీద వేసిన అనర్హత వేటును సుప్రీంకోర్టు నిలబెట్టింది గానీ, మళ్లీ పోటీ చేయకుండా ఆపడం కుదరదంది. ఉప ఎన్నికల్లో నిలబడినవాళ్లలో ఎక్కువమంది గెలిచి తిరిగొచ్చారు, కొందరు మంత్రులయ్యారు.